ఏ చెట్టుది బిడ్డా?

తాగడానికి కూడా క్లాసులు పెడుతున్నారు ఇప్పుడు. హైదరాబాదులో పెద్ద హోటల్లో, ఏసీ గదిలో, తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చోబెట్టి నేర్పుతారట. గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలి, గుండ్రంగా తిప్పాలి, ముక్కు లోపలికంటా పెట్టి వాసన చూడాలి. అందుకు కట్టిన ఫీజుతో మా రోజుల్లో ఓ పెళ్లి విందు నడిచేది. మా మనుమడు ఆ క్లాసుకు పోయొచ్చాడు. చేతికో సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. బడిపంతులుగా బతికినవాణ్ణి, ఎన్నో సర్టిఫికెట్ల మీద సంతకాలు చేశాను గానీ, గుటక వేయడం వచ్చని రాసిచ్చిన కాగితం చూడటం ఇదే మొదలు.

వాడు ఒట్టి చేతులతో రాలేదు. చంకలో ఓ సీసా పెట్టుకొచ్చాడు. కియాంటీ క్లాసికో అట. ఇటలీలో, టస్కనీలో, ఫ్లోరెన్సుకూ సియెనాకూ నడుమ ఉన్న గుట్టల మీద పండే సాంజొవేజె అనే నల్ల ద్రాక్షతో చేసే ఎర్ర వైను. మా మెదక్‌లో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన దుకాణంలో వైను తప్ప అన్నీ దొరుకుతాయి కనుక హైదరాబాదు నుంచే మోసుకొచ్చాడు. 2022లో మాకు రైలొచ్చింది గానీ వీడు కారు దిగితే కదా.

“తాతా, దీన్ని తాగొద్దు. టేస్ట్ చెయ్యాలె,” అన్నాడు.

“చేసి ఉమ్మెయ్యాల్నా?” అన్నాను ఎగతాళికి.

“అవ్. క్లాసుల అందరు ఉమ్మిన్రు. బకెట్ పెట్టిన్రు,” అన్నాడు.

పైసలు పోసి కొన్నది ఉమ్మడానికి బకెట్! మా రోజుల్లో ఆ పని చేసినవాణ్ణి మళ్లీ కల్లు మండువ ఛాయలకు రానిచ్చేవాళ్లు కాదు.

అయినా పంతులును కదా, ఎదుటివాడు పాఠం చెప్తుంటే మధ్యలో లేవను. విన్నాను. ముందు చూపు. గ్లాసును తెల్లకాగితం ముందు వంచి అంచు రంగు చూడాలి. పడుచు వైను కెంపు రంగులో ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అంచులు ఇటుక రంగుకు తిరుగుతాయి. తర్వాత తిప్పుడు. గాలి తగిలితే అణిగి ఉన్న వాసనలు లేస్తాయి. ఆ తర్వాత ముక్కు. పుల్లటి చెర్రీపండు, ఎండిన ఆకులు, ఒక్కోసారి కాస్త తోలు వాసన. ఆఖరికి చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పి, పులుపెంత, వగరెంత, మింగినాక రుచి ఎంతసేపు నిలిచింది అని లెక్క చూసుకోవాలి. అంతా విన్నాను. ఇందులో నాకు తెలియనిది చెర్రీపండు ఒక్కటే.

ఎందుకంటే ఇదంతా మావాళ్లు మండువలో గొంతుకూర్చుని, తాటాకు రేక పట్టుకుని చేసిన పనే. సర్టిఫికెట్లు లేవు, బకెట్లు లేవు, అంతే తేడా.

మా రోజుల్లో పెద్దమనిషి రేకలో కల్లు పోయించుకుని వెంటనే నోటికి ఎత్తేవాడు కాదు. ఓసారి చూసేవాడు. నురగ దానంతట అది కట్టిందా, ఎంతసేపటికి అణిగింది? నీళ్లలా తేటగా ఉందా, పాలరంగు తిరిగిందా? తర్వాత ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. అప్పుడు గౌడన్న ముఖంలోకి చూసి అడిగేవాడు, “ఏ చెట్టుది బిడ్డా?” అని. జవాబు తెలియక అడిగేది కాదు ఆ ప్రశ్న. తను అనుకున్నదీ, గీసినవాడు చెప్పేదీ కలుస్తాయా లేదా చూసుకోవడానికి. మా వాడకట్టులో ఒక ముసలాయన ఉండేవాడు. రేక ముక్కు దాకా పోనిచ్చి, “కట్ట మీది ఈతది. చెట్టు మంచిదే. లొట్టి కడగలే నువ్వు,” అన్నాడొకసారి. గీసిన ఆయన తల గోక్కుంటూ రేక వెనక్కి తీసుకుని ఇంకో లొట్టి వంచాడు. ఆ ముసలాయనకు సంతకం రాదు, వేలిముద్రే.

ఈతా, తాడూ వేరు వేరు సంసారాలు. ఈతకల్లు చలికాలం సరుకు. ఈతచెట్టుకు గెలతో పని లేదు. తల కింద మట్టలు కొట్టి, మెత్తటి కాండం మీద గీత పెడతారు. అక్కడినుంచి ఊట లొట్టిలోకి దిగుతుంది. కొన్ని రోజులు గీస్తే కొన్ని రోజులు చెట్టును ఆరనివ్వాలి. ఒక ఏడు ఈ పక్క గీస్తే మరుసటి ఏడు ఆ పక్క. అందుకే పాత ఈతచెట్టు ఒళ్లంతా మెట్లు మెట్లుగా వంకర్లు తిరిగి ఉంటుంది. ఆ గాట్లు లెక్కపెడితే దాన్ని ఎన్ని చలికాలాలు గీశారో తెలిసిపోతుంది. తాటిచెట్టు కథ పైన, పూగెలల్లో. గెలను కట్టి, మెత్తబరిచి, కొసను పూటపూటకూ సన్నపొరలుగా కోయాలి. మగచెట్టుదీ ఆడచెట్టుదీ ఒకే తీరు కాదు. పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని గౌడన్నలు పేర్లు చెప్పేవాళ్లు. ఒకటి సన్నగిల్లే వేళకు ఇంకొకటి అందుకుని ఎండాకాలాన్ని దాటించేవి. ఇప్పటి పిల్లలకు ద్రాక్షలో సాంజొవేజె, కనయోలో, మెర్లో అన్నీ నోటికొచ్చు. పరుపుతాడు అంటే పడుకునే పరుపా అని అడుగుతాడు మావాడు.

ఇక పొద్దు సంగతి. వైను పులవడానికి వారాలు పడుతుంది, పీపాల్లో నెలలు, ఏళ్లు కూర్చుంటుంది. కల్లుకు అన్నీ ఒక్క పగట్లోనే. తెల్లారకముందు దించి, లొట్టి లోపల సున్నం పూసి ఉంచితే అది నీరా, ఒట్టి తీపి. సున్నం లేకుంటే లొట్టికి అంటుకుని ఉన్న ఈస్టు, గాలిలోంచి పడిన సూక్ష్మజీవులు చెట్టు మీదనే పని మొదలుపెడతాయి. పొద్దెక్కేసరికి తేట పోయి తెల్లబడుతుంది. మధ్యాహ్నానికి పులుపు పట్టుకుంటుంది. మాపటికి ఘాటు. మర్నాటికి సిర్కా, అది కూర పులుపుకు తప్ప దేనికీ పనికిరాదు. మహా ఎక్కితే నూటికి నాలుగైదు పాళ్ల ఆల్కహాలు దానిది. మావాడి సీసా మీద పదమూడున్నర అని రాసి ఉంది. కనుక కల్లును రుచి చూసేవాడు చెట్టుతో పాటు గంట కూడా చెప్పగలగాలి. మా రోజుల్లో చెప్పేవాళ్లు.

ఇప్పుడు మావాడు ‘ఫుడ్ పెయిరింగ్’ అని ఇంకో పాఠం ఎత్తుకున్నాడు. ఏ తాగుడుకు ఏ తిండి అని. ఆ మాట వినగానే లోపలినుంచి మా ముసలామె నవ్వింది.

ఎందుకు నవ్వదు? మెతుకుసీమ ఆడబిడ్డ ఆమె. ఆ లెక్క మా ఇళ్లలో ఆడవాళ్లు కట్టేవాళ్లు. పొద్దుటి తీపికల్లుకు ఏమీ అక్కర్లేదు, మహా అయితే వేయించిన పల్లీలు. పొద్దెక్కిన కల్లుకు గుడాలు. శెనగలో బొబ్బర్లో మెత్తగా ఉడికించి, ఎల్లిగడ్డ దంచి, ఎండుమిరపకాయ తుంచి పోపేసి, పైన పచ్చి ఉల్లిగడ్డ చల్లుతారు. పప్పు కమ్మదనానికి కల్లులో అప్పుడప్పుడే మొదలైన పులుపు తగులుతుంటే ఇంకో దోసెడు అడుగుతాం. మధ్యాహ్నపు పులుపు మీద ఎండుచేపలు, అదీ నూనెలో వేయించి కాదు, నిప్పుల మీద కాల్చి, బూడిద దులిపి. లేదంటే మంజీరలోవో పోచారం చెరువువో పచ్చిచేపలు. ఇక మాపటి ఘాటు కల్లుకు యాట లోపలి సరుకు. బోటి, తలకాయ, నల్ల, కార్జం. కొవ్వు నాలుకకు పట్టుకున్నచోట కల్లు పులుపూ దానిలోని గాలిబుడగలూ కడిగేస్తాయి, మళ్లీ తునక మీదికి చెయ్యి పోతుంది. ఆల్కహాలు తక్కువ కాబట్టి మిరపకారాన్ని రెచ్చగొట్టదు. అందుకే మా కూరలు అంత కారంగా ఉండీ మేం బతికిపోయాం. కల్లుతో తీపి తినేవాణ్ణి మాత్రం నేను చూడలేదు. ఇప్పుడు పిల్లలు ‘స్టఫ్’ అని ప్యాకెట్లలోని చిప్సు తింటున్నారు. ఉప్పు, నూనె తప్ప ఏముంది అందులో, దేనికి జత అది?

సరే, వైను మీద కూడా తీర్పు చెప్పాలి కదా. చెప్తాను. పక్షపాతం లేకుండా చెప్తాను.

మొదటి తప్పు మావాడిదే. సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, “రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లనే తాగాలె,” అన్నాడు. ఉగాది దాటిన రోజులు. ఫ్యాను కింద చెమట కారుతోంది. ఆ మాట పుట్టింది రాతిగోడల చల్లటి ఇళ్లున్న దేశాల్లో. కియాంటీకి పదహారు, పద్దెనిమిది డిగ్రీలు కావాలి. మెదక్ గదిలో ఆ సమయానికి ముప్పై అయిదు దాటి ఉంటుంది. వేడెక్కిన వైనులో ఆల్కహాలు ముక్కులో గుచ్చుకుంటుంది, మిగతా వాసన ఏదీ తెలియదు. ముప్పావుగంట ఫ్రిజ్‌లో పెట్టించాను. క్లాసుకు పోయింది వాడు, సీసాను చల్లబెట్టించింది నేను.

తర్వాత రుచి. పులుపు గట్టిది, బాగుంది. పులుపు లేని తాగుడు నాకు పడదు. దాని వెనక వగరు. నేరేడుపండు తిన్నాక నాలుక పట్టేస్తుందే, అట్లా. ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వచ్చే టానిన్లట అవి. వాసనలో నాకు చెర్రీ దొరకలేదు గానీ వాన పడి ఆరిన ఆకుల వాసన దొరికింది. అది మాత్రం నిజం.

వాడు తెచ్చిన గట్టి చీజు ముక్కలతో మొదలుపెట్టాం. ఉప్పూ కొవ్వూ తగిలేసరికి వగరు దిగిపోయింది. ఒప్పుకున్నాను. తర్వాత మా ఆమె తలకాయకూర తెచ్చింది, ఎప్పటి తీరుగానే వండింది. ఒక తునక తిని ఒక గుక్క వేశానో లేదో చెవుల్లోంచి పొగ వచ్చింది. వైనులోని ఆల్కహాలు, వగరు రెండూ చేరి కారాన్ని ఎగదోస్తాయి. టస్కనీవాళ్ల వంటలో మిరపకాయ ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. మా వంటలో మిరపకాయ లేకుంటే వంటే కాదు. మావాడు నీళ్లు తాగుతూ, “నాయినమ్మా, కారం జర తగ్గిస్తే...” అని నసిగాడు.

“గా ఎర్రనీళ్ల కోసం నా కూరల కారం తగ్గియ్యాల్నా?” అంది ఆమె. మాట అక్కడితో ఆగింది.

కార్జం మాత్రం కుదిరింది. నిప్పుల మీద కాల్చి, ఉప్పూ మిరియాలూ మాత్రమే వేయించాను. మాంసం వగరును పట్టేసుకుంటుంది, వైను మెత్తబడుతుంది. ఫ్లోరెన్సులో కూడా ఎముకతో ఉన్న మందపాటి మాంసపు ముక్కను బొగ్గుల మీద కాల్చి, ఉప్పు చల్లి, ఇదే వైనుతో తింటారట. వాళ్లకూ మసాలా మీద నమ్మకం తక్కువే. ఇంకా బాగా కుదిరింది చింతచిగురు మాంసం. మావాడికి అది వింతగా ఉంది గానీ నాకు కాదు. తిండి పులుపు తాగేదాని పులుపును మించితే తాగేది చప్పబడుతుంది. పులుపుకు పులుపు సరితూగితే రెండూ నిలబడతాయి. ఇటలీవాళ్లు టమాటతో చేసే పనినే మేం చింతచిగురుతో చేస్తాం. కారం మూడొంతులు తగ్గించి టమాట వేసి వండిన మటన్, జొన్నరొట్టె, పక్కన వంకాయకూర అయితే ఆ సీసాకు మా ఊళ్లో దొరికే మంచి జోడు అదేనని నా లెక్క. సర్వపిండి వద్దు, దానిలో పచ్చిమిర్చి మళ్లీ కొట్లాట పెడుతుంది.

గుడాలతో కూడా తాగి చూశాం. అది చెప్తే నమ్మరు, చక్కగా సరిపోయింది. తర్వాత మావాడు ఫోనులో చదివి వినిపించాడు. టస్కనీవాళ్లను మిగతా ఇటలీవాళ్లు చిక్కుడుగింజల తిండిపోతులని వెక్కిరిస్తారట. గింజలు ఉడకబెట్టి ఆలివ్‌నూనె పోసుకుని తినడం వాళ్ల బీదింటి తిండి. మా గుడాలకు నూనె మారిందంతే. ఆ సంగతి విన్నాక ఆ గుట్టల మనుషుల మీద కొంచెం ప్రేమ పుట్టింది నాకు.

ప్రేమతో పాటు కడుపుమంట కూడా. అదే చెప్పబోతున్నాను.

ఆ సీసా మెడ మీద నల్లకోడిపుంజు బొమ్మ ఉంది. ఏమిట్రా అంటే కథ చెప్పాడు. ఫ్లోరెన్సూ సియెనా పొలిమేర కోసం కొట్టుకుంటుంటే, కోడి కూయగానే రెండూళ్ల నుంచి రౌతులు బయలుదేరాలి, కలిసినచోట పొలిమేర అని ఒప్పందం జరిగిందట. ఫ్లోరెన్సువాళ్లు నల్లకోడిని పస్తు పెట్టారు, ఆకలికి అది తెల్లారకముందే కూసింది, గుట్టలన్నీ వాళ్లవయ్యాయి. కథ కథే గానీ, వెనకున్న కాగితాలు నిజం. 1716లో టస్కనీ ఏలిన మూడో కోసిమో ఈ వైను ఏ ఊళ్ల నడుమ పండితే ఆ పేరు పెట్టుకోవాలో హద్దులు గీసి చాటింపు వేయించాడు. 1872లో రికాసోలి అనే దొర ఏ ద్రాక్ష ఎందుకు వేయాలో రాసిపెట్టాడు. 1924 మే నెలలో రాద్దా అనే ఊళ్లో 33 మంది ఉత్పత్తిదారులు సంఘం కట్టి, పేరును కాపాడుకుంటామని కూర్చున్నారు. పేరు చుట్టుపక్కలకు పాకిపోతే 1932లో పాత గుట్టలకు ‘క్లాసికో’ అని వేరే గుర్తు ఇచ్చారు. ఇప్పుడు నూటికి 80 పాళ్లు సాంజొవేజె లేకుంటే ఆ కోడిపుంజు బొమ్మ అంటించనివ్వరు. ఊరు పేరు అబద్ధం చెప్తే కేసు.

1924 అంటే మాకు మరిచిపోలేని ఏడు. ఆ డిసెంబరు 25న మెదక్ చర్చి తలుపులు తెరుచుకున్నాయి. పోస్నెట్ అనే మెథడిస్టు దొర పదేళ్లు కట్టించాడు. కరువు కాలంలో పని ఇచ్చి కూడు పెట్టిన కట్టడం అని మా పెద్దలు చెప్పేవాళ్లు. 175 అడుగుల గోపురం. ఆ చర్చి లోపల రంగురంగుల పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, పరిచింది మాత్రం ఇటలీ మేస్త్రీలని చెప్తారు. అంటే నూరేళ్ల కిందటే ఇటలీవాళ్లు మెదక్‌లో కూర్చుని పని చేశారు. సాయంత్రం పని దిగి వాళ్లేం తాగారో ఎవరూ రాసిపెట్టలేదు. మెథడిస్టు దొరల పంచన వైను దొరికి ఉండదు. ఈత వనాలకు అప్పుడు మాత్రం కొదవ లేదు.

అక్కడ రాద్దాలో వాళ్లు పేరు కోసం సంఘం కట్టిన ఆ ఏడు, ఇక్కడ మా కల్లు గురించి సర్కారు రాసుకున్న కాగితమేమిటి? పన్ను కాగితం. నిజాం ఖజానాకు ఆబ్కారీ పెద్ద ఆధారం. చెట్టుకింత అని రకం, అంటే పన్ను, కట్టాలి, హర్రాజు పాడుకున్న గుత్తేదారుకు గీసినవాడు లొంగి ఉండాలి. తర్వాత ప్రభుత్వాలు మారాయి, గుత్తేదార్లు పోయారు, గీత కార్మికుల సొసైటీలొచ్చాయి, చెట్టుకు లైసెన్సులొచ్చాయి. ఎన్ని చెట్లు, ఎంత పన్ను అన్న లెక్క తప్పలేదు. ఏ చెట్టు, ఏ నేల, ఏ పూట అని ఏ సర్కారూ ఒక్క వరుస రాయలేదు. జిల్లా పేరు మాది, కచేరీలు సంగారెడ్డివి అని 2016 దాకా ఏడ్చినవాళ్లం, ఊరిపేరుకు విలువ ఎంతో మెదక్‌వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

చెట్టుతో తెగిపోయాకే కల్లు చెడింది. మండువలో తాగినన్నాళ్లు గీసినవాడూ తాగేవాడూ ముఖాముఖి. కల్లు కంపౌండ్లు వచ్చి, డిపోలు వచ్చి, సీసాలు వచ్చాక పన్నెండు నెలలూ, రోజూ, అదే సీసా కావాలి. చెట్టుకు కాలం ఉంటుంది, సీసాకు ఉండదు. తక్కువ పడిన దాన్ని నీళ్లతో నింపారు. నీళ్లకు తీపి కోసం సాకరిన్, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్. సీహెచ్ అని ముద్దుపేరు దానికి. అది పట్టుబడితే డయాజిపాం, ఆ తర్వాత ఆల్ఫ్రాజోలం. 2015లో గట్టిగా దాడులు చేసి ఆ సరుకు ఆపితే ఏమైంది? మా ఉమ్మడి మెదక్‌లో, నిజామాబాదులో, పాలమూరులో జనం వణుకుతూ, మూర్ఛపోతూ, పిచ్చిచూపులు చూస్తూ ఆస్పత్రులకు బారులు కట్టారు. తాగుతున్నది కల్లు కాదు, మందుబిళ్లల నీళ్లు అని అప్పుడుగాని ఊళ్లకు తెలియలేదు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు ఏకంగా ప్రాణాలే పోయాయి. మా వాడకట్టు ముసలాయన ఉండి ఉంటే ఆ సీసాను ముక్కు దాకా కూడా రానిచ్చేవాడు కాదు. ప్రయోగశాల చెప్పేదాకా ఎవరికీ తెలియకపోవడం చూస్తే నాకు వచ్చే కోపం ఇంతా అంతా కాదు.

“ఇటలీలగూడ గట్లయింది తాతా,” అన్నాడు మావాడు, నన్ను చల్లబరచడానికి. 1986లో అక్కడ చౌక వైనులో మిథనాల్ కలిపి అమ్మితే ఇరవైమందికి పైగా చచ్చిపోయారట. దేశమంతా తలదించుకుందట. సరే, దొంగలు ఎక్కడైనా ఉంటారు. తర్వాత ఏం చేశారు? పరీక్షలు పెంచారు, చట్టాలు బిగించారు, చౌక సరుకు తగ్గించి మంచి సరుకు మీద పడ్డారు. ఈ రోజు 150 శాతం సుంకం మోసిన సీసా కూడా హైదరాబాదులో అమ్ముడుపోతున్నది ఆ నమ్మకం మీదనే. మా దగ్గర కల్తీ బయటపడ్డ ప్రతిసారీ దుకాణం మూస్తారు, తర్వాత తెరుస్తారు. హైదరాబాదులో ఏళ్లపాటు మూసిన కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరిచారు. మూయడం, తెరవడం రెండే వచ్చు మనకు. గీసే మనిషి పేరు, చెట్టున్న ఊరు సీసా మీద రాయించడం ఎందుకు రాదు?

నీరా మాట కూడా చెప్పాలి. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. పోయాను, తాగాను. శుభ్రంగా ఉంది, చల్లగా ఉంది, కల్తీ లేదు. బాగా చేశారు. గానీ నీరా అంటే కల్లుకు తెల్లవారుజాము. సగం దినం తర్వాత వచ్చే పులుపును ఐసుపెట్టెతో ఆపేసి, ఇదే మా సంప్రదాయం అని గోడకు రాస్తే నాకు ఒప్పదు. వైను దేశాలవాళ్లు ద్రాక్షరసం గ్లాసులు పెట్టి ఇదే మా వైను అంటారా?

గీసేవాళ్ల సంగతి వచ్చేసరికి నా సణుగుడు నాకే తగ్గించాలనిపిస్తుంది. మోకు ముత్తాదు కట్టుకుని చెట్టెక్కినవాళ్లు జారి పడి నడుములు విరిగి మంచానపడటం మా కళ్లతో చూసిందే. ఇన్నేళ్లకు, 2024లో, కాటమయ్య పేరు పెట్టి రక్షణ పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది సర్కారు. కాటమయ్య గౌడుల దేవుడు, పేరు బాగుంది, పని బాగుంది, ఆలస్యం బాగా లేదు. కొడుకులు చెట్టెక్కం అంటున్నారంటే నేను తప్పుపట్టను. ఎక్కడానికి చెట్లయినా ఏవి? మా ఊరి చుట్టూ ఈతచెట్లున్న గట్లన్నీ ప్లాట్లయిపోయాయి. రంగురాళ్లు పాతి పేర్లు పెట్టారు, ఒక వెంచరుకైతే పామ్ అని పేరు, లోపల ఒక్క తాటిచెట్టు లేదు. హరితహారం పథకం కింద ఈత, తాటి మొక్కలు నాటారు. మంచిదే. తాటిమొక్క గెల వేసేసరికి పదిహేనేళ్లన్నా పడుతుంది. అప్పటికి దాని పూట చెప్పగలిగే నాలుక ఎవరికుంటుంది?

మావాడు నా సణుగుడంతా శ్రద్ధగా ఫోనులో ఎక్కించుకున్నాడు. పోయేముందు, “తాతా, వచ్చేసారి బరోలో వైను తెస్తా. ఇంకా వగరుంటది, ఇంకా పాతది,” అన్నాడు. తెమ్మన్నాను. ఎండాకాలం మాత్రం వద్దు, శివరాత్రికి రమ్మన్నాను. నాగసాన్‌పల్లి దగ్గర మంజీర ఏడుపాయలుగా చీలినచోట జాతర ఉంటుంది. వనదుర్గమ్మకు మొక్కులు తీరి, జాగారం అయిపోయినాక చెట్ల కింద యాటలు తెగుతాయి, మూడు రాళ్ల మీద కూరలు ఉడుకుతాయి. అమ్మవారికి సాక పోసిన కల్లు ఒక రేక, వాడి బరోలో ఒక గ్లాసు పక్కపక్కన పెట్టుకుని అదే కూరతో రెండింటినీ చూద్దామన్నాను. గాలి చల్లగానే ఉంటుంది, ఫ్రిజ్ అక్కర్లేదు.

“మరి కారం?” అన్నాడు.

“అది మీ నాయినమ్మతోని నువ్వే మాట్లాడుకో బిడ్డా. నాకంత ధైర్యం లేదు,” అన్నాను.